ఒళ్లో తల, గొంతులో మాట

కిందటివారం మనం తావిన్ మాష్టారిని మీసాల దగ్గర వదిలాం. ముందు ఆ మీసం సంగతి చూద్దాం.

లంపాంగ్‌లో, వాంగ్ నది పక్క సందులో ఉండే తావిన్, ఇరవయ్యారేళ్లు చేసిన క్రమశిక్షణ మాష్టారి ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి మర్దన నేర్చుకుంటున్నాడని భార్య ఒరథై తన తల్లి చెవిన వేసింది. వేసింది ఎడమ చెవిన. అత్తగారు చన్‌సోమ్‌కి పనిచేసేది కుడి చెవి. ఆ ఊరి మాటలో మర్దనకీ మీసానికీ పలుకు ఒక్కటే. గొంతు పైనుంచి జారితే మర్దన, అడుగునే చతికిలబడితే మీసం. ఎడమ చెవికి ఎత్తుపల్లాలు తెలీవు గనక ఆవిడకి చేరింది మీసమే. అల్లుడు మీసాలు దిద్దే బళ్లో చేరాడని సాయంత్రానికల్లా సందు సందంతా చెప్పేసింది.

సందు ఆశ్చర్యపోయిందా? లేదు! అదీ తావిన్ మనసుకి తగిలిన దెబ్బ. "ఇన్నేళ్లూ బడి గేటు దగ్గర నించుని పిలకాయల పిలకలు కత్తిరించినవాడేగా! నెత్తి మీంచి మూతి మీదికి దిగాడు. జానెడు దూరం" అన్నారు. పక్కింటి పిన్‌తా బాబాయ్ అయితే ఊరికే దిద్దించుకోవచ్చని రెణ్ణెల్లుగా మీసం పెంచుతున్నాడు. ఏడు వెంట్రుకలు మొలిచాయి, పాపం.

తావిన్ ఎవరి పొరపాటూ దిద్దలేదు. మీసమంటే మర్యాదగానే ఉంది. మర్దన అంటే కాళ్లు పట్టడం. తన బూట్ల చప్పుడు వింటే ఎనిమిది వందలమంది పిల్లలు చొక్కాలు లోపలికి దోపుకునేవాళ్లు. అలాంటివాడు ఊళ్లోవాళ్ల కాళ్లు పడతాడని సందుకి తెలియడం కంటే మీసం చాటున తలదాచుకోవడమే నయమనుకున్నాడు.

అసలు ఈ పనిలోకి ఎందుకొచ్చాడో మరిచిపోయినవాళ్లకి ఒక్క ముక్క. రెండేళ్ల కిందట ఆయన కుడి భుజం బిగుసుకుపోయింది. బెత్తం ఎత్తీ ఎత్తీ అన్నారు పిల్లలు. మాష్టార్లు ఇకమీదట పిల్లల జుట్టు ముట్టుకోకూడదని పైనుంచి కాగితం వచ్చిన నెల కూడా అదే. చేతికి పని లేక పట్టేసిందన్నారు తోటి మాష్టార్లు. డాక్టర్ల వల్ల కాని ఆ భుజాన్ని, గుడి మండపంలో మర్దన నేర్పే సెంగ్‌లా గురువమ్మ ఏడు దఫాల్లో వదిలించింది. ఏడోనాడు ఆయన అరచెయ్యి తిప్పి చూసి, "మంచి చెయ్యి. బరువుంది, వెచ్చదనముంది. ఇన్నాళ్లూ దీంతో ఏం చేశావు?" అని అడిగింది.

అందరినీ నిలబెట్టి జవాబులడిగే తావిన్‌కి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరకలేదు. మూడు నెలలు వెతుక్కుని, దొరక్క, రాజీనామా ఇచ్చాడు. నొక్కి చెప్పే ఉద్యోగం వదిలి, చెప్పకుండా నొక్కే ఉద్యోగంలోకి వచ్చాడు.

ఒక్కటి మాత్రం చెప్పి నొక్కాలి. అక్కడే ఇరుక్కుపోయాడు.

మర్దన పాదంతో మొదలై తలతో ముగుస్తుంది. పాదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తల అలా కాదు. తల మీద వేలు వేసే ముందు చేతులు జోడించి, పడుకున్నవాళ్లకి వినపడేలా "మన్నించండి" అనాలి. వాళ్లు తిరిగి చేతులు జోడించాలి. ఆ తర్వాతే ముట్టుకోవాలి. గురువమ్మ బళ్లో ఇది తప్పితే మిగతా గంటన్నర పనీ నేలపాలే.

తావిన్ గొంతు మైకు లేకుండా ఆటస్థలం చివరిదాకా వెళ్లే గొంతు. ఈ ఒక్క మాట మాత్రం అందులో చేపముల్లులా అడ్డం పడేది. మొదటి పరీక్షలో గొణిగాడు. రెండోదాంట్లో దగ్గుతో కలిపి మింగేశాడు. "చేతికి చదువొచ్చింది, నోటికి రాలేదు" అని గురువమ్మ రెండుసార్లూ తప్పించింది. మూడోసారి తప్పితే పుస్తకంలో పేరే కొట్టేస్తుంది. ఆవిడ ఉత్తరం ఉంటేనే పెద్దాసుపత్రి నాటువైద్యం వార్డులో ఉద్యోగం. వెనక బడి తలుపు మూసేసింది, ముందు ఆసుపత్రి తలుపు తెరవలేదు. మధ్యలో వరండాలో యాభై రెండేళ్ల తావిన్.

ఆ మూడోసారి ఇవాళ.

పున్నమి రోజు గనక గుడి నిండా జనం. తెల్లబట్టల్లో ముసలమ్మలు పూలూ, వెదురుబుట్టల్లో జిగురన్నం పట్టుకుని వచ్చి, భిక్షువులకి వడ్డన అయ్యాక, కాలక్షేపానికి మర్దన మండపం చుట్టూ చేరారు. ముందు వరసలో ఎవరో చెప్పాలా? అత్తగారు చన్‌సోమ్. మీసాల పరీక్ష చూడ్డానికి వచ్చింది. మీసం చూపించడానికి పిన్‌తా బాబాయ్‌నీ వెంటబెట్టుకొచ్చింది.

"అత్తయ్యా, ఇక్కడ మీరెందుకు? ఎండగా ఉంది, ఇంటికెళ్లండి" అన్నాడు తావిన్ కుడి చెవి వైపు వంగి.

"ఎండ నాకు కొత్తా? నువ్వు కానియ్యి, అల్లుడూ. చెయ్యి వణక్కుండా చూసుకో. పెదవి తెగితే కుట్లు పడవు."

గురువమ్మ బుగ్గన పులిసిన తేయాకు ముద్ద పెట్టుకుని, ఒళ్లో పలక, పలక మీద కాగితం, చేతిలో పెన్నుతో స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ఇవాళైనా వినపడుతుందా, తావిన్?"

"వినపడుతుందమ్మా."

"నాకు వినపడక్కర్లేదు. పడుకున్నవాడికి వినపడాలి. ఇదిగో నీ మనిషి."

పరీక్షకి ఒళ్లిచ్చేవాళ్లని ఆవిడే ఏరుతుంది. నొప్పులతో గుడికి వచ్చినవాళ్లు పేరు రాయించుకుంటారు. ఇవాళ్టి చీటీ మీద థనకృత్ అని ఉంది. ముప్ఫై రెండేళ్లు. వెనక రెండు బల్లలు బిగించి జనాన్ని ఎక్కించుకునే సవారీ బండికి డ్రైవరు. నడుం నొప్పి. మనిషి దిట్టంగా ఉన్నాడు. నెత్తి మీద మాత్రం కొబ్బరికాయంత ముడి.

ఆ ముడి చూడగానే తావిన్ కుడి చేతి రెండు వేళ్లు వాటంతటవే లేచాయి. చెవికీ జుట్టుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలని ఇరవయ్యారేళ్లు కొలిచిన వేళ్లు అవి. ఎడమ చేత్తో వాటిని పట్టుకుని కిందికి దించాడు.

"పడుకోమంటారా, మాష్టారూ?" అన్నాడు డ్రైవరు.

మాష్టారూ అన్న పిలుపుకి తావిన్ పొంగాడే గాని అనుమానించలేదు. మర్దన చేసేవాళ్లనీ చాలామంది అలాగే పిలుస్తారు.

పాదాలు కడిగాడు. తుడిచాడు. గురువులని తలుచుకుని మొదలుపెట్టాడు. కుడి పాదం అడుగున, బ్రేకు తొక్కే చోట, రూపాయంత కాయ. దాని చుట్టూ బొటనవేళ్లతో నెమ్మదిగా తిప్పాడు. ఇది ఆయనకి బాగా వచ్చిన విద్య. పరాయి నొప్పి ఎక్కడ దాక్కుందో ఆ వేళ్లకి తెలిసిపోతుంది. గేటు దగ్గర పరాయి జేబులో సిగరెట్టు ఎక్కడ దాక్కుందో తెలిసినట్టే.

"గట్టిగానే నొక్కండి, మాష్టారూ. నాకు అలవాటే" అన్నాడు డ్రైవరు చాపలో మొహం పెట్టి.

"ఇంతకు ముందు మర్దన చేయించుకున్నావా, బాబూ?"

"మర్దన కాదు. చిన్నప్పుడు బళ్లో ఇలాంటి చెయ్యే తగిలేది."

"ఏ బడి?"

"గేటున్న బడి" అని నవ్వాడు. వీపు కూడా నవ్వినట్టు కదిలింది.

ముందు వరసలో వ్యాఖ్యానం జోరుగా సాగుతోంది.

"ముందు కాళ్లు పడతారేమే?" అంది చన్‌సోమ్. "మూతికీ కాళ్లకీ ఏం సంబంధం?"

"కాళ్లు నొక్కితే వెంట్రుకలు మెత్తబడతాయేమో వదినా" అంది ఇంకో ముసలమ్మ.

పిన్‌తా బాబాయ్ తన ఏడింటినీ ఒకసారి నిమురుకున్నాడు. వాళ్ల పక్కన సన్నగా ఉన్న ఒకావిడ మాత్రం నవ్వడం లేదు. ఒళ్లో పూలూ, అగరొత్తులూ, మైనపు వత్తులూ పేర్చిన పళ్లెం పెట్టుకుని చాప మీద మనిషినే చూస్తోంది.

పిక్కలు, తొడలు, నడుం, వీపు. మోచేత్తో నడుం దగ్గర కండరం మీద ఆనుకుంటే అది లోపల తాడు ముడిలా తగిలింది. ఊపిరి లెక్క పెట్టుకుంటూ బరువు దింపాడు. ముడి వదిలింది. డ్రైవరు "హమ్మయ్య" అన్నాడు. గురువమ్మ పెన్ను కాగితం మీద కదిలింది. చప్పుడు బట్టి అది మంచి మార్కే. గంటన్నర సేపు చేసిన పనికి తావిన్ చొక్కా తడిసింది గాని, మనసు తేలికైంది. ఇంకొక్క మాట. ఒక్కటే మాట.

"వెల్లకిలా తిరుగు, బాబూ."

ఆయన మఠం వేసుకుని కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకున్నాడు. డ్రైవరు తల తెచ్చి దాని మీద పెట్టాడు. ముడి అడ్డొచ్చింది. డ్రైవరే చెయ్యెత్తి పుల్ల లాగాడు. జుట్టు జర్రున జారి తావిన్ మోకాలి మీంచి, చాప మీంచి, మండపం పలకల మీదిదాకా పారింది.

"అల్లుడూ! మొత్తం తీసెయ్యకు!" అని కేక పెట్టింది చన్‌సోమ్. "కొసలు చాలు, కొసలు!"

మండపమంతా గొల్లుమంది. తావిన్ నవ్వలేదు. జుట్టు పక్కకి తొలగిన చోట, ఎడమ చెవికి పైన, వేలెడు పొడుగున వెంట్రుక మొలవని తెల్లటి గీత కనిపించింది.

ఆ గీత ఎవరు గీశారో తావిన్‌కి తెలుసు. గీసిన యంత్రం ఇంకా ఆయన ఇంట్లో రేకుపెట్టెలో ఉంది.

థనకృత్ కాదు వీడు. ఈ మధ్య రాత బాగుపడాలని పేరు మార్పించుకోని వాళ్లెవరు! వీడు మానిత్. పద్దెనిమిదేళ్ల కిందట తొమ్మిదో తరగతి మానిత్. జెండా స్తంభం ముందు, ఎనిమిది వందలమంది వరసల్లో నించుని చూస్తుండగా, నెత్తి మధ్య నుంచి మెడదాకా ఒక దారి కత్తిరించాడు తను. పిల్లాడు తల విదిల్చాడు. మిషన్ జారి చెవి పైన కోసింది. పేరులో మానం ఉన్నవాడికి అందరి ముందూ మానం తీశాడు.

లేచి పోదామంటే కాళ్లు మఠంలో ఉన్నాయి, మఠంలో దిండుంది, దిండు మీద తల ఉంది. తల కిందకి దించాలన్నా తలని ముట్టుకోవాలి. ముట్టుకోవాలంటే ఆ మాట అనాలి. జుట్టంతా తన చేతిలోనే ఉంది, పట్టు మాత్రం జుట్టుగలవాడి చేతిలో ఉంది. చుట్టూ నలభైమంది. స్తంభం దగ్గర గురువమ్మ పెన్ను గాల్లో ఆగి ఉంది.

తావిన్ చేతులు జోడించాడు.

"మన్నించండి" అన్నాడు. పెదవులకి తెలిసింది. వాటి బయటికి రాలేదు.

"వినపడలేదు, మాష్టారూ" అన్నాడు డ్రైవరు కళ్లు మూసుకునే.

ఆ మాట, ఆ విరుపు, ఆ ఎత్తు ఎవరివో తావిన్ గుర్తుపట్టాడు. తనవే. ఆలస్యంగా వచ్చినవాళ్లని గేటు దగ్గర నిలబెట్టి రోజూ అనేది అదే. వినపడలేదు! గట్టిగా!

"తల ముట్టుకుంటున్నాను. మన్నించండి" అన్నాడు ఈసారి. మొదటి వరసకి వినపడింది. గురువమ్మ తల ఊపింది. పెన్ను కిందికి దిగబోయింది.

డ్రైవరు చేతులు కడుపు మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జోడించలేదు.

"ఏ రోజు తలకి, మాష్టారూ?" అని కళ్లు తెరిచాడు. తలకిందులుగా ఇద్దరి చూపులూ కలిశాయి. "ఇవాళ్టి తలకా? ఆ రోజు తలకా?"

మండపంలో విసనకర్రలు ఆగిపోయాయి.

"మానిత్..." అన్నాడు తావిన్.

"అబ్బో, గుర్తున్నానే! జుట్టు చూసి పోల్చుకోలేరనుకున్నా. మీకు తెలిసింది జుట్టు లేని మానితే కదా."

"ఏమైంది? ఎవరా అబ్బాయి?" అంది చన్‌సోమ్.

గురువమ్మ తేయాకు ముద్ద ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది. "తావిన్, పడుకున్నవాడు అడిగాడు. మన్నించమన్నవాడు దేనికో చెప్పాలి. ఇది పరీక్షలో లేదు. అయినా చెప్పు."

"ఇక్కడా? అందరి ముందా, అమ్మా?"

"అప్పుడు ఎవరి ముందు?" అన్నాడు డ్రైవరు.

తావిన్ గొంతు సవరించుకున్నాడు. దగ్గు రాలేదు. దగ్గు కూడా ఈసారి ఆయన్ని వదిలేసి వెళ్లిపోయింది.

"వాళ్లమ్మకి ఆపరేషన్" అని మొదలుపెట్టాడు. "అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేదాకా జుట్టు తియ్యనని వీడు మొక్కుకున్నాడు. జుట్టు చెవుల మీదికొచ్చింది. నేను అందరి ముందుకీ లాగాను. మొక్కు, మాష్టారూ అన్నాడు. అబద్ధం అన్నాను. కత్తిరించాను. తెగింది కూడా."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతే."

"అంతే అయితే నేనివాళ నడుం నొప్పని పేరు రాయించుకునేవాణ్ణి కాదు. గోడ మీద పరీక్షల పట్టీలో మీ పేరు చూసి రాయించుకున్నాను. అదిగో, మా అమ్మని కూడా తీసుకొచ్చాను. ఆవిడకి వినపడేలా చెప్పండి. ఆ రోజు చీటీ సంగతి."

పళ్లెం పట్టుకున్న సన్నటావిడ కదల్లేదు. తావిన్ ఆవిడ వైపు చూశాడు. కేవ్‌మా. అప్పుడు ఇంకా సన్నగా ఉండేది. ఆపరేషనై నెల కాకుండానే, పక్క పట్టుకుని మెట్లెక్కుతూ బడికి వచ్చింది. చేతిలో ఇలాంటి పళ్లెమే. పూలు, అగరొత్తులు, మైనపు వత్తులు. అబద్ధాలకోరు కొడుకుని తావిన్ కాళ్ల దగ్గర సాష్టాంగపడేలా చేసి, పళ్లెం అందించి, తప్పు కాయమని అడిగింది. తను ఆ పళ్లెం పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, "ఇకనైనా నిజం చెప్పడం నేర్పమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు.

క్రమశిక్షణ అన్నారుగాని, ఆ రోజు అందులో క్రమం లేదు. అంతా శిక్షే.

"చీటీ ఏమిటి?" అంది గురువమ్మ.

తావిన్ ఊపిరి తీసుకున్నాడు. ఒళ్లో తల బరువు ఒక్కసారి పెరిగినట్టైంది. బరువెక్కడుందో ఆయన చేతులకి బాగా తెలుసు. అది తలలో లేదు.

"వీడి క్లాసు టీచరమ్మ చీటీ రాసిచ్చింది. పిల్లాడిది నిజమైన మొక్కే, కొన్నాళ్లు జుట్టు జోలికి వెళ్లొద్దు అని. వీడు ఆ చీటీ నా చేతికిచ్చాడు. ఎనిమిది వందలమంది చూస్తున్నారు. ఆగి, చీటీ విప్పి చదివితే తావిన్ తగ్గాడనుకుంటారని, మడత విప్పకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాను. కత్తిరించాను. రాత్రి చొక్కా విప్పేటప్పుడు చదివాను."

"మర్నాడు?" అన్నాడు డ్రైవరు.

"మర్నాడు హెడ్మాష్టారు పిలిచి, చీటీ ఇచ్చానంటున్నాడు పిల్లాడు, నిజమేనా అని అడిగారు." గొంతు బడి వదిలాక రాని ఎత్తుకి లేచింది. "ఇవ్వలేదన్నాను! చీటీ లేదు, గీటీ లేదు, వీడు అబద్ధాలకోరు అన్నాను. వీడు బడి మానేశాడు. చీటీ నా దగ్గరే ఉంది. మానిత్ అబద్ధం చెప్పలేదు. అబద్ధం నేను చెప్పాను."

ఆటస్థలం చివరిదాకా వెళ్లే గొంతు మండపం దాటి, బోధిచెట్టు దాటి, గేటు బయట బళ్ల దాకా వెళ్లింది. భిక్షువొకాయన కిటికీలోంచి తొంగిచూశాడు.

కేవ్‌మా లేచింది. పళ్లెం చేత్తోనే చాప దగ్గరికొచ్చింది. మాష్టారి వైపు చూడలేదు. కొడుకు తలవైపే చూసింది.

"నువ్విచ్చావా?" అంది.

"ఇచ్చానని చెప్పాను కదమ్మా."

"ఎన్నిసార్లు చెప్పావు?"

"మూడేళ్లు చెప్పాను. తర్వాత మానేశాను."

"నేను..." అని ఆగిపోయింది కేవ్‌మా. "చీటీ పోగొట్టుకుని మాష్టారి మీద పెట్టావనుకున్నాన్రా. మాష్టారు అబద్ధం చెప్తారా అనుకున్నాను. దీపం ముందు కూర్చోబెట్టి ఒట్టు వేయించాను. ఒట్టేసినా నమ్మలేదు." చేతిలో పళ్లెం వైపు చూసుకుంది. "ఇవాళ పొద్దున పళ్లెం ఒకటి పేర్చుకుని రా అన్నావు. ఎందుకురా అంటే చెప్పలేదు."

"ఎవరికి కావలసొస్తుందో తెలీక" అన్నాడు డ్రైవరు.

తావిన్ జోడించిన చేతులు జోడించే ఉన్నాయి. "బాబూ, ఆ రోజు తలకి. ఆ రోజు మాటకి. మన్నించు" అన్నాడు. ఇది పరీక్షకి అన్నది కాదని గురువమ్మకి కూడా తెలిసింది. పెన్ను మూత పెట్టేసింది.

డ్రైవరు చేతులు కడుపు మీంచి లేచాయి. గాల్లో ఆగాయి. మళ్లీ దిగిపోయాయి.

"మాటకి మాట సరిపోదు, మాష్టారూ. మీ మాట విని మా అమ్మ ఒకసారి మోసపోయింది. చీటీ దాచానన్నారు కదా. ఆవిడ చేతిలో పెట్టండి, ఆవిడ చదువుకోనివ్వండి. అప్పుడు జోడిస్తాను. అందాకా ఈ తల మీది కాదు."

"ఉంది! చింపడానికి చెయ్యి రాలేదు, ఇవ్వడానికి నోరు రాలేదు. మా ఇంట్లో, కత్తెరల రేకుపెట్టెలో, మిషన్ కింద..."

"ఏ పెట్టె?" అంది చన్‌సోమ్ కుడి చెవి ముందుకి చాచి.

"రేకుపెట్టె, అత్తయ్యా. పాత కత్తెరలది."

"ఆ తుప్పు పెట్టా? నీ కొత్త బడికి ఆ తుప్పు సామానుతో వెళ్తే మనకేం మర్యాదని, పొద్దున్నే పాతసామాన్ల బండికి వేసేశాను కదయ్యా! మీసాలకి కొత్త కత్తెర కొనిపెడదామని!"

తావిన్ ఆవిడ వైపు తిరిగాడు. రెణ్ణెల్లుగా దాక్కున్న మీసం చాటు ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది.

"మీసం కాదు, అత్తయ్యా" అన్నాడు నలభైమందికీ వినపడేలా. "నేను మీసాలు నేర్చుకోవడం లేదు. మర్దన నేర్చుకుంటున్నాను. కాళ్లు పట్టే పని. మీ చెవికి మీసమని వినపడింది. వినపడిందని నాకు మొదటిరోజే తెలుసు. తెలిసీ దిద్దలేదు. సిగ్గేసి."

చన్‌సోమ్ తన ఎడమ చెవి తడుముకుంది. "అయితే ఈ రెణ్ణెల్లూ నేను ఊరంతా చెప్పింది..."

"తప్పు మీది కాదు. నాదే. అదీ నాదే."

పిన్‌తా బాబాయ్ తన మూతి తడుముకుని, "మరి దీన్నెవరు దిద్దుతారు?" అన్నాడు దీనంగా. ఒక్కరూ నవ్వలేదు.

గురువమ్మ లేచింది. పలక మీది కాగితం చూపించింది. అన్ని గడుల్లోనూ మార్కులున్నాయి. చివరి గడి ఖాళీ. "సాయంత్రం గంట కొట్టేదాకా ఈ గడి ఇలాగే ఉంటుంది. తర్వాత నేనే కొట్టేస్తాను. మాట వినపడింది, తావిన్. తల ఇంకా దొరకలేదు."

డ్రైవరు లేచి కూర్చున్నాడు. జుట్టు చుట్టి పుల్ల గుచ్చాడు. జేబులోంచి బండి తాళాలు తీశాడు. తావిన్ లేవబోయాడు. కాళ్లు రాయిలా తిమ్మిరెక్కి, లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. ఎవరో ఒకరు పిక్కలు పడితే గాని లేవలేడు. ఆ మండపంలో ఆ విద్య వచ్చినవాళ్లు పదిమంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. చివరికి కేవ్‌మా పళ్లెం కింద పెట్టకుండానే, ఒక చెయ్యి చాచింది.

"లేవండి, మాష్టారూ. ఈ పళ్లెం ఎవరు ఎవరికివ్వాలో చీటీ దొరికాక చూద్దాం."

అప్పుడే గుడి గోడ అవతల, సందు మలుపులో, పాతసామాన్ల బండి మైకు గొట్టంలో పాట మొదలైంది. పాత రేకు, పాత ఇనుము, పాత కాగితాలు... పాట వంతెన వైపు పోతోంది.

"అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది" అన్నాడు మానిత్ పరుగులాంటి నడకతో మెట్లు దిగుతూ. "మీరు వెనక కడ్డీ పట్టుకుని వేలాడండి, మాష్టారూ. గట్టిగా పట్టుకోండి. మీ చేతుల్లో పట్టుందని నాకు తెలుసు."